రైలు ఇరుసు నుంచి ఫుట్‌రెస్ట్ బోల్టు దాకా

రోడ్డు లేని చోట మోటారు సైకిలు నడిపే వాళ్లను ఎప్పుడైనా గమనించారా? రాళ్లు, గోతులు, ఇసుక మేటలు వచ్చినప్పుడు వాళ్లు సీటు మీద కూర్చోరు, లేచి నిలబడతారు. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువంతా రెండు ఫుట్‌రెస్టుల మీద మోపుతారు. బండి కింద ఎంత ఎగిరిపడినా ఆ అదురు నడుముకు చేరకుండా కాళ్లే స్ప్రింగుల్లా పనిచేస్తాయి.

ఈ విద్య కొత్తదేమీ కాదు. 1924లో ఇంగ్లండులోని కాంబర్లీ దగ్గర బీడు నేలల్లో, గుట్టల మీద ఒక పోటీ పెట్టారు. దాన్ని 'స్క్రాంబుల్' అన్నారు, అంటే కిందా మీదా పడుతూ ఎగబాకడం. అదే తరవాత ఫ్రెంచి వాళ్ల నోట 'మోటోక్రాస్' అయింది. 1957 నుంచి దానికి ప్రపంచ చాంపియన్‌షిప్ ఉంది. ఎడారుల్లో వేల కిలోమీటర్లు సాగే డకార్ ర్యాలీని 2015లో మన దేశం నుంచి మొదటిసారి పూర్తి చేసిన వాడు సి.ఎస్. సంతోష్. 2024లో హరిత్ నోవా అదే ర్యాలీలో ఒక విభాగంలో గెలిచాడు. ఇలాంటి పోటీల్లో రైడరు రోజుకు గంటల తరబడి నిలబడే ఉంటాడు.

మరి అతను నిలబడ్డది దేని మీద? అరచేయంత పొడవున్న లోహపు ముక్క మీద. కొన్ని బళ్లలో దాని బ్రాకెట్టును ఫ్రేముకు వెల్డింగు చేసేస్తారు. చాలా బళ్లలో మాత్రం రెండు బోల్టులతో బిగిస్తారు. ఆ బోల్టు ఒక్కోటి ఇంచుమించు పెన్సిలంత లావు. బండి గాలిలోకి లేచి నేల మీదికి దిగే క్షణంలో అది తెగిందంటే రైడరు కాలు నేరుగా నేలకో, వెనక చక్రానికో తగులుతుంది. ఆ వేగంలో కాలు విరగడం చిన్న ప్రమాదం కిందే లెక్క.

అలా తెగిన బోల్టు ఒకటి నేను చేత్తో పట్టుకుని చూశాను. పక్కనే ఉన్న మెకానిక్కు, "బోల్టు వీకు సార్. ఇంకా గట్టిది తెచ్చి వేద్దాం," అన్నాడు. ఆ మాట సహజంగానే అనిపిస్తుంది. తెగింది కాబట్టి బలం చాలలేదు అనుకుంటాం. కానీ ఒక చిన్న లెక్క చేసి చూద్దాం.

బోల్టు తల మీద 8.8 అని అంకెలు ఉన్నాయనుకోండి. మొదటి అంకెను 100తో హెచ్చిస్తే ఆ ఉక్కు తెగిపోయే ప్రతిబలం వస్తుంది: చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లు. రెండో అంకె, అందులో ఎన్నో వంతు దగ్గర ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలవుతుందో చెబుతుంది. ఇక్కడ 80 శాతం, అంటే 640. 8 మిల్లీమీటర్ల బోల్టుకు మరల దగ్గర బరువు మోసే అడ్డుకోత వైశాల్యం 36.6 చదరపు మిల్లీమీటర్లు. రెంటినీ గుణిస్తే ఆ బోల్టు తెగడానికి దాదాపు 3,000 కిలోల బరువు కావాలని తేలుతుంది. ఒక చిన్న లారీ బరువంత!

ఇక రైడరు సంగతి. 75 కిలోల మనిషి దూకి దిగినప్పుడు ఆ తాకిడి అతని బరువుకు నాలుగు రెట్లు ఉందనుకుందాం. ఒక్కో కాలి మీద 150 కిలోలు. పాదం ఫ్రేముకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంది. పై బోల్టుకూ, బ్రాకెట్టు కింది అంచుకూ మధ్య దూరం 4 సెంటీమీటర్లు. తులాదండ సూత్రం ప్రకారం పై బోల్టును లాగే బలం 150 × 10 ÷ 4, అంటే 375 కిలోలు.

3,000 కిలోలు మోయగల బోల్టు మీద పడింది 375 కిలోలే. ఎనిమిదో వంతు. అయినా అది తెగింది! ఇలాంటి చిక్కుముడే దాదాపు 180 ఏళ్ల కిందట ఇంజనీర్లకు ఎదురైంది. అప్పుడు తెగింది బోల్టు కాదు, రైలింజను ఇరుసు.

వెర్సాయి రైలు

1842 మే 8న పారిస్ దగ్గరి వెర్సాయి ఉద్యానవనాల్లో ఉత్సవం జరిగింది. సాయంత్రం పారిస్‌కు తిరిగి వస్తున్న జనంతో రైలు కిక్కిరిసింది. ముందు ఇంజను ఇరుసు ఉన్నట్టుండి విరిగింది. వెనకున్న ఇంజను, పెట్టెలు దాని మీదికి ఎక్కి అంటుకున్నాయి. అప్పటి ఆచారం ప్రకారం పెట్టెల తలుపులకు బయట తాళాలు వేసి ఉన్నాయి. యాభై మందికి పైగా మరణించారు. దక్షిణ ధ్రువ సముద్రాలను శోధించి వచ్చిన ప్రఖ్యాత నావికుడు ద్యూమోఁ ద్యుర్విల్, ఆయన భార్య, కొడుకు కూడా ఆ మంటల్లోనే పోయారు.

ఇరుసు మంచి ఇనుముతో చేసిందే. మోసిన బరువు మామూలు బరువే. అది ఎన్నో రోజులు అదే బరువుతో తిరిగింది కూడా. మరి ఆ రోజే ఎందుకు విరగాలి? అదురుకు ఇనుము లోపలి నారలు పోయి స్ఫటికాలుగా మారిపోతుందనీ, అందువల్ల పెళుసుబారుతుందనీ ఆ రోజుల్లో చాలా మంది నమ్మేవారు. విరిగిన చోట కణికలు కణికలుగా మెరవడమే వాళ్లు చూపిన సాక్ష్యం. ఈ నమ్మకం చాలా కాలం బతికింది. ఇప్పటికీ కొన్ని షెడ్లలో "ఇనుము కుళ్లిపోయింది" అంటారు, అది కూడా దీనికి దూరపు చుట్టమే.

దీనికి భిన్నంగా చూసిన వాడు స్కాట్లాండుకు చెందిన విలియం రాంకిన్. అప్పటికి అతని వయసు ఇరవై మూడు కూడా దాటలేదు. విరిగిన ఇరుసులను ముందు పెట్టుకుని, విరిగిన ముఖాలను ఓపికగా పరిశీలించాడు. 1843లో లండన్ సివిల్ ఇంజనీర్ల సంస్థకు ఒక పత్రం సమర్పించాడు. ఇరుసు ఒక్కసారిగా విరగలేదని, లావు భాగం సన్న భాగంతో కలిసే మూల దగ్గర చుట్టూ ఒక పగులు మొదలై, నెమ్మదిగా లోపలికి పాకిందని, చివరకు మధ్యలో మిగిలిన కొద్దిపాటి ఇనుము బరువు ఆపలేక తెగిందని అతను చెప్పాడు. ఆ మూలను పదునుగా వదలకుండా గుండ్రంగా మలిస్తే ఇరుసు ఎక్కువ కాలం మన్నుతుందన్నాడు. నిజానికి జబ్బూ మందూ రెండూ అప్పుడే దొరికాయి. కానీ రాంకిన్ మాట అందరి చెవికీ ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

1854లో ఫ్రెడరిక్ బ్రైత్‌వైట్ అనే ఇంజనీరు తన పత్రం శీర్షికలోనే 'లోహాల అలసట' అన్న మాట వాడాడు. ఆ పేరు నిలిచిపోయింది. అయితే అలసటను కొలిచింది మాత్రం జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్. ఆయన 1850ల చివర మొదలుపెట్టి దాదాపు పదేళ్ల పైచిలుకు ఒకే పని చేశాడు. ఇరుసు ముక్కలకు బరువు వేలాడదీసి, అవి విరిగే దాకా యంత్రం మీద తిప్పుతూ పోయాడు. కొన్ని వేల సార్లకు విరిగాయి, కొన్ని లక్షల సార్లకు. కొన్ని కోట్ల సార్లు తిప్పినా విరగలేదు.

ఆ ఫలితాల్లో దాగి ఉన్న విషయం ఇది. లోహం ఎంత బరువు మోస్తోందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. ఆ బరువు ఎంత మేర పెరిగి తగ్గుతోందన్నది అంతకన్నా ముఖ్యం. ఆ హెచ్చుతగ్గు ఒక హద్దు లోపల ఉంటే ఉక్కు దాదాపు ఎప్పటికీ అలసిపోదు. హద్దు దాటితే, ఎంత చిన్న బరువైనా సరే, లెక్క పూర్తయిన రోజున తెంపుతుంది. స్ఫటికాల సిద్ధాంతానికి 1903లో గట్టి దెబ్బ తగిలింది. యూయింగ్, హంఫ్రీ అనే ఇద్దరు బ్రిటిషు పరిశోధకులు సూక్ష్మదర్శినిలో చూసి, ఇనుము మొదటినుంచీ స్ఫటికమయమేననీ, మారేది అది కాదనీ, స్ఫటికాల్లో పుట్టే సన్నని జారుడు గీతలే పగుళ్లుగా ఎదుగుతాయనీ చూపించారు.

మర అంటే గాట్ల వరస

ఇప్పుడు బోల్టును రాంకిన్ కళ్లతో చూడండి. ఇరుసు మీద ఉన్నది ఒక్క పదునైన మూల. బోల్టు మీద మరలు, మెకానిక్కుల మాటలో థ్రెడ్లు, అలాంటి గాట్లు వరసగా చుట్టి ఉన్నాయి! పైగా నట్టులో బరువు అన్ని మరల మీదా సమానంగా పడదు. మొదటి మర ఒక్కటే దాదాపు మూడో వంతు మోస్తుంది. అందుకే బోల్టులు ఎక్కువగా ఆ మొదటి మర దగ్గరే తెగుతాయి. తలకాయ కింది మూల రెండో చోటు.

ఒకప్పుడు ఈ మరలను చేత్తో ఆకురాయి పట్టి చేసేవారు. ఏ బోల్టుకు ఆ నట్టే జత. విప్పినప్పుడు కలగాపులగమైతే మళ్లీ కలపడం నరకం. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతాల్లో మరలు కోసే లేత్‌ను మెరుగుపరిచాక ఒకే రకం మరను ఎన్ని సార్లయినా కోయడం సాధ్యమైంది. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, ఇంగ్లండులోని కార్ఖానాల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీసి 1841లో ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అందులో మర కోణం 55 డిగ్రీలు, కొసా అడుగూ గుండ్రం. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీలన్నాడు. కొసా అడుగూ చదును చేశాడు, అలా చేయడం సులువని. సులువు నిజమే గాని, అలసట దృష్టితో చూస్తే గుండ్రటి అడుగే మేలు. ఈ 55, 60ల తగువు రెండో ప్రపంచ యుద్ధంలో మిత్ర దేశాలకు పెద్ద తలనొప్పి అయింది. ఒకరి బోల్టు మరొకరి ట్యాంకుకు పట్టేది కాదు. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల మీద రాజీపడ్డాయి. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారింది. పాత బుల్లెట్ బళ్లు విప్పే మెకానిక్కుల దగ్గర నేటికీ అంగుళాల పానాలు వేరుగా ఉండటానికి ఈ చరిత్రే కారణం.

బండి చక్రం తెలిపే రహస్యం

మరలున్న ప్రతి బోల్టూ గాట్ల వరసే అయితే, మోటారు ఇంజన్లలో, విమానాల్లో బోల్టులు ఎలా నిలుస్తున్నాయి? దీనికి జవాబు పల్లెటూరి కమ్మరి కొలిమి దగ్గర దొరుకుతుంది.

ఎడ్లబండి చక్రానికి ఇనుప కట్టు వేయడం చూసిన వారికి తెలుసు. కట్టును చక్రం కన్నా కాస్త చిన్నదిగా చేస్తారు. ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక చక్రానికి తొడిగి, నీళ్లు పోస్తారు. అది ముడుచుకుని చెక్కలన్నిటినీ బిగించి పట్టేస్తుంది. బండి గతుకులో పడినా ఆకులు, చెక్కలు ఒకదాన్నొకటి వదలవు, ఎందుకంటే అవి ముందే గట్టిగా ఒత్తుకుని ఉన్నాయి.

బోల్టు చేసే పనీ అదే. నట్టు బిగించే కొద్దీ బోల్టు సాగుతుంది. హుక్ సూత్రం ప్రకారం అది గట్టి స్ప్రింగులా రెండు ముక్కలనూ దగ్గరికి లాగి పట్టుకుంటుంది. దీన్ని ముందస్తు బిగువు అందాం. 8 మిల్లీమీటర్ల 8.8 బోల్టును 25 న్యూటన్-మీటర్లతో, అంటే పాతిక సెంటీమీటర్ల పానా కొసన 10 కిలోల ఒత్తిడితో బిగిస్తే, లోపల పుట్టే బిగువు దాదాపు 1,600 కిలోలు. చేతి బలంతో కారు బరువును మించిన బిగువు! వాలుతలం చేసే మహిమ ఇది.

ఇప్పుడు రైడరు దూకాడు. 375 కిలోల లాగుడు వచ్చింది. బ్రాకెట్టూ ఫ్రేమూ 1,600 కిలోలతో ఒత్తుకుని ఉన్నాయి కదా, ఈ లాగుడులో ఎక్కువ భాగం ఆ ఒత్తిడిని కొంచెం తగ్గించడానికే సరిపోతుంది. బోల్టుకు అదనంగా తెలిసేది ఇంచుమించు ఐదో వంతు, 75 కిలోలు. బిగువు లేని బోల్టుకైతే సున్నా నుంచి 375 దాకా మొత్తం హెచ్చుతగ్గూ తగులుతుంది. అంటే సగటుకు అటూ ఇటూ 190 కిలోలు. ఈ లావు బోల్టు అలసట హద్దు కూడా సుమారుగా అక్కడే, అటూ ఇటూ 180, 200 కిలోల మధ్య ఉంటుంది. అంతేకాదు, వదులైన బ్రాకెట్టు ఊగుతుంది. ఊగినప్పుడల్లా బోల్టు వంగుతుంది. వంపు వల్ల మొదటి మర అడుగున ప్రతిబలం ఇంకా చాలా పెరుగుతుంది. మెకానిక్కు 'వీకు' అన్న బోల్టు నిజానికి వీకు కాదు, వదులు.

దీన్ని బట్టి ఒక వింత కూడా తేలుతుంది. ఎక్కువ బిగించిన బోల్టే ఎక్కువ కాలం బతుకుతుంది. సహజ బుద్ధికి ఇది ఎదురు తిరుగుతుంది. ఇంజనీర్లకూ తిరిగింది! వంతెనల్లో రివెట్లకు బదులు బోల్టులను బాగా బిగిస్తే ముక్కలు జారకుండా ఘర్షణే ఆపుతుందని 1934లోనే బ్రిటన్‌లో బాథో, బేట్‌మన్ చూపారు. దాన్ని అమెరికా నిబంధనల్లో ఒప్పుకున్నది 1951లో. ఇంజను బోల్టుల విషయంలో ఇదే మాటను మోటారు పరిశ్రమకు చెందిన జాన్ ఆల్మెన్ 1940లలో పదే పదే చెప్పాల్సి వచ్చింది.

బిగువు ఎటు పోయింది?

బాగానే బిగించాం, అయినా వదులైంది. ఎందుకు? ఇక్కడ రెండు దొంగలున్నాయి.

మొదటిది పెయింటు. బిగించినప్పుడు బోల్టు ఎంత సాగుతుందో తెలుసా? 40 మిల్లీమీటర్ల పొడవు పట్టులో 0.06 మిల్లీమీటర్లు, ఒక తలవెంట్రుక మందం. ఫుట్‌రెస్ట్ బ్రాకెట్టు పలచటిది, పట్టు 12 మిల్లీమీటర్లు మించదు. కాబట్టి సాగేది 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్లే. బ్రాకెట్టుకూ ఫ్రేముకూ మధ్య ఉన్న పెయింటు పొర దానికన్నా మందం. అదురుకు ఆ పెయింటు 0.01 మిల్లీమీటరు నలిగితే చాలు, బిగువులో మూడో వంతు నుంచి సగం దాకా మాయం. నట్టు తిరగనే లేదు, అయినా బోల్టు వదులైపోయింది!

రెండో దొంగను పట్టుకున్నది జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్. అదురంటే పైకీ కిందికీ ఊపడమే అని, దానివల్లే నట్లు విప్పుకుంటాయని అంతకుముందు చాలా మంది అనుకునేవారు. 1969లో యుంకర్ తన యంత్రంతో చేసిన ప్రయోగాల్లో అసలు దోషి పక్కకు జారే కదలిక అని తేలింది. మీరూ చూడొచ్చు. ఏటవాలుగా పెట్టిన బల్ల మీద ఒక పుస్తకం ఉంచండి. ఘర్షణ వల్ల అది కదలదు. బల్లను అటూ ఇటూ పక్కలకు కదపండి, పుస్తకం వాలు వెంట కిందికి జారిపోతుంది. పక్క జారుడును ఆపడంలో ఘర్షణ ఖర్చయిపోతే కిందికి జారుడును ఆపేందుకు ఏమీ మిగలదు. మర కూడా చుట్టిన వాలే కదా. యుంకర్ పరీక్షలో మామూలు స్ప్రింగు వాషర్లు పెద్దగా కాపాడలేకపోయాయి. ఈ సంగతి తెలిసి యాభై ఏళ్లు దాటినా మనం వాటిని వేస్తూనే ఉన్నాం. మర సందుల్లో గాలి తగలక గట్టిపడే జిగురు మాత్రం బాగా పనికొచ్చింది. 1950లలో అమెరికాలో రసాయనశాస్త్ర ఆచార్యుడు వెర్నన్ క్రీబుల్ లాక్‌టైట్ పేరుతో దాన్ని బజారుకు తెచ్చాడు.

మళ్లీ ఫుట్‌రెస్ట్ దగ్గరికి

ఇప్పుడు మెకానిక్కు సలహాను తూకం వేద్దాం. 8.8 తీసి 12.9 వేస్తే? మర అడుగున అలసట హద్దు రెండింటికీ దాదాపు ఒకటే. ఉక్కు గట్టిదైనంత మాత్రాన గాటు మొద్దుబారదు. దాని లాభం ఒక్కటే, ఇంకా ఎక్కువ బిగించవచ్చు. పాత బిగువుతోనే బిగిస్తే డబ్బు దండగ. పైగా అంత గట్టి ఉక్కుకు విద్యుత్తుతో జింకు పూత వేస్తే హైడ్రోజన్ లోపలికి చేరి, ఏ దెబ్బా తగలకుండానే కొన్నాళ్లకు పుటుక్కుమనే ప్రమాదం ఉంది. 10.9 మధ్యేమార్గం. మెరుస్తుందని స్టెయిన్‌లెస్ బోల్టు వేసేవారున్నారు. మామూలుగా దొరికే రకం 8.8 కన్నా బలహీనం, ఇది చాలా మందికి తెలియదు.

లావు పెంచి 10 మిల్లీమీటర్లది వేస్తే అడ్డుకోత 58 చదరపు మిల్లీమీటర్లు, ఒకటిన్నర రెట్లకు పైగా లాభం. కానీ బిగింపు కూడా ఇంచుమించు రెట్టింపు, 50 న్యూటన్-మీటర్లు కావాలి. రంధ్రం పెద్దది చేశాక దాని చుట్టూ ఫ్రేములో తగినంత లోహం మిగలాలి. అంతకన్నా తెలివైన మార్గం బోల్టు పొడవు పెంచడం. తలకాయ కింద గట్టి ఉక్కు గొట్టపు ముక్క తొడిగి పొడవాటి బోల్టు వేసినా, వీలున్న చోట ఫ్రేము ఆ పక్క నుంచి ఈ పక్కకు ఒకే బోల్టు దూర్చినా, అది ఎక్కువగా సాగుతుంది. అప్పుడు 0.01 మిల్లీమీటరు నలిగినా పోయే బిగువు కొద్దిగానే. ఎక్కువ సాగే స్ప్రింగు తన బలాన్ని త్వరగా పోగొట్టుకోదు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పని మాత్రం ఖర్చు లేనిది. బ్రాకెట్టు విప్పి, అది ఫ్రేముకు ఆనే రెండు ముఖాల మీదా పెయింటు గీకేసి, లోహం లోహానికి ఆనేలా చేయాలి. తుప్పు పట్టకుండా గ్రీజు ఆ ముఖాల అంచుల చుట్టూ పూస్తే చాలు, మధ్యలో కాదు, అక్కడ మనకు ఘర్షణ కావాలి. మరలను శుభ్రం చేసి జిగురు చుక్క వేసి, టార్క్ పానాతో కంపెనీ పుస్తకంలో ఇచ్చిన అంకెకు బిగించాలి. రెండు బోల్టుల్లో ఒకటి తెగితే రెండోదీ మార్చాలి. మొదటిది తెగాక బరువంతా దాని మీదే పడింది గనుక అందులోనూ పగులు మొదలై ఉంటుంది. తెగి లోపల మిగిలిన ముక్క సంగతికి బెంగపడక్కర్లేదు. అలసటతో తెగిన ముక్క చాలాసార్లు వదులుగానే ఉంటుంది, సన్నటి పంచ్‌తో అంచున తడుతూ తిప్పితే బయటికి వచ్చేస్తుంది.

ఆ రోజు నేను చూసిన బోల్టు ముక్కను మెకానిక్కుతో కలిసి వెలుతురులో పెట్టి మళ్లీ చూశాం. ఒక అంచు నుంచి మొదలై ముఖంలో మూడు వంతులు నున్నగా, మురికిపట్టి, సముద్రపు ఒడ్డున అలలు వదిలిన గీతల్లాంటి సన్నని వంపులతో ఉంది. అవతలి అంచున వేలి గోరులో సగమంత చోటు మాత్రం గరుకుగా, కొత్తగా మెరుస్తోంది. ఆ నున్నటి భాగం ఎన్నో రోజులుగా పగులుతూ వచ్చింది, మెరిసేది ఆఖరి దూకుడులో తెగింది. 1843లో రాంకిన్ ఇరుసు మీద చూసింది ఇదే. మెకానిక్కు కాసేపు తిప్పి తిప్పి చూసి, కొత్త బోల్టులు రెండూ బిగించాక, తల మీది నుంచి బ్రాకెట్టు మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాడు. మొదటి వంద కిలోమీటర్లు అయ్యాక ఆ గీత విరిగిందేమో చూసుకోమన్నాడు. గీత సరిగ్గా ఉన్నా సరే, పానా వేసి మరోసారి బిగించమన్నాడు.